రెండవ తెర వెలుగకపోతే

2020 తరువాత మన పల్లెలలో ఒక క్రొత్త దృశ్యము కనబడుచున్నది. పట్టణపు కంపెనీలలో ఉద్యోగము చేసే పిల్లలు కొందరు ఇంటి వద్దనే కూర్చుండి పని చేసుకొనుచున్నారు. ముందు గదిలో ఒకప్రక్క ధాన్యపు బస్తాలు, మరొకప్రక్క బల్ల, దానిమీద ల్యాప్‌టాప్, రెండు పెద్ద తెరలు. ఆ తెరలను ల్యాప్‌టాప్‌తో కలిపే చిన్న పెట్టెను డాకింగ్ స్టేషన్ అంటారు. తెరలు, కీబోర్డు, మౌస్ అన్నీ ఆ పెట్టెకే వచ్చి చేరతాయి. పెట్టె నుండి ఒక్క తీగ మాత్రమే ల్యాప్‌టాప్‌కు వెళ్తుంది. బొమ్మ, సమాచారము, కరెంటు మూడూ ఆ ఒక్క తీగలోనే నడుస్తాయి. ఎంతో సౌకర్యమే గాని, అది ఆగిపోయిన రోజున లోపము ఎక్కడున్నదో తెలియక ఇంటిల్లిపాదీ కలవరపడుచున్నారు.

క్రిస్మస్‌కు ముందు ఒక శనివారము సాయంకాలము మా సంఘములోని ఒక కుటుంబమును దర్శించుటకు వెళ్లాము. పండుగకు ఇంటికి సున్నాలు వేస్తూ బల్లమీద సామాను అంతా తీసి, మరల సర్దారు. అప్పటి నుండి రెండు తెరలూ నల్లగా ఉండిపోయాయి. కుమారుడు ఉద్యోగములో చేరి ఆరు నెలలు నిండలేదు. సోమవారము ఉదయము పై అధికారులకు తన పని చూపించవలసి యున్నది. తీగలు పీకింది నువ్వేనని చెల్లెలిమీద కేకలు వేశాడు. ఇంటర్ చదువుచున్న ఆ పిల్ల అన్నము తినకుండా మూల కూర్చున్నది.

తల్లి మాతో, “అయ్యగారూ, పెట్టె పాడైపోయిందంట. కొత్తది పన్నెండు వేలంట. ఆఫీసువాళ్లకి తెలిస్తే ఏమంటారోనని వీడి భయం. నా దిద్దులు తాకట్టు పెట్టేదా?” అన్నది.

మాకు కంప్యూటరు విద్య రాదు. గాని గుడిలో మైకు పలకనప్పుడు ఎవరమూ వెంటనే క్రొత్త ఆంప్లిఫయరు కొనము. ముందు వైరు కదిలించి చూస్తాము. అందుచేత, “దిద్దుల మాట తరువాత చూద్దామమ్మా” అని, పట్టణములో కంప్యూటర్లు బాగుచేసే ఒక సహోదరునికి ఫోను చేశాము. ఆయన, “కొనడం ఆఖరి మాట అయ్యగారూ. అన్నీ ఊడదీసి ఒక్కొక్కటే పెట్టించండి. ఒకేసారి రెండు మార్చితే తప్పు ఎక్కడుందో తెలియదు” అన్నారు.

మొదట కరెంటు. డాక్‌కు దాని సొంత అడాప్టరు ఉండాలి, దీపము వెలగాలి. ల్యాప్‌టాప్ ఆపి, డాక్ అడాప్టరును ప్లగ్గు నుండి తీసి, ఒక నిమిషము ఆగి మరల పెట్టమన్నారు. చిన్న చిన్న చిక్కులు దీనితోనే పోతాయట. ఇక్కడ పోలేదు.

రెండవది తెర. డాక్‌ను ప్రక్కన పెట్టి, తెర యొక్క హెచ్‌డిఎంఐ తీగను నేరుగా ల్యాప్‌టాప్‌కు పెట్టించారు. ఒక తెర వెలిగింది. రెండవది వెలగలేదు. దాని క్రింది బటన్ నొక్కి చూడగా అది వేరే ఇన్‌పుట్‌మీద ఉన్నది. తుడిచేటప్పుడు ఎవరి వ్రేలో తగిలి మారినట్లున్నది. సరిచేయగానే అదీ వెలిగింది. తెరలు మంచివే అని తేలింది.

మూడవది డాక్ నుండి ల్యాప్‌టాప్‌కు వెళ్లే తీగ. “ల్యాప్‌టాప్ ఛార్జ్ అవుతోంది, మౌస్ కదులుతోంది. ఇంక తీగలో తప్పేముంది?” అన్నాడు అబ్బాయి. అప్పుడు మూలనున్న చెల్లెలు మెల్లగా, “అన్నయ్యా, ఇంతకుముందున్న తీగ పొట్టిగా, లావుగా ఉండేది. ఇది సన్నగా ఉంది. పొద్దున్నే చెప్పబోయాను, నువ్వు వినలేదు” అన్నది. వెదకగా ఆ లావు తీగ కిటికీ దగ్గర తల్లి ఫోనుకు తగిలించి యున్నది!

ఆ సహోదరుడు వివరము చెప్పారు. 2014లో వచ్చిన ఈ టైప్-సి తీగలన్నిటికీ మూతి ఒక్కటే. ఆ మూతిలో 24 కొనలకు చోటున్నది. గాని ఫోనుతో వచ్చే అనేక తీగలలో కరెంటుకు, కొద్దిపాటి సమాచారమునకు చాలినన్ని వైర్లే ఉంటాయి. బొమ్మను మోసే వైర్లు ఉండవు. అందుకే ఛార్జింగు, మౌస్ పనిచేసి, తెరలు మాత్రము నల్లబడ్డాయి. ల్యాప్‌టాప్ రంధ్రముల సంగతీ అంతే. రెండు టైప్-సి రంధ్రములుంటే రెండూ బొమ్మను పంపుతాయని లేదు. ప్రక్కన మెరుపు గుర్తు గాని డిస్‌ప్లేపోర్ట్ గుర్తు గాని ఉన్నదేమో చూడాలి.

అసలు తీగ పెట్టగానే రెండు తెరలూ వెలిగాయి గాని, రెండింటా ఒకే బొమ్మ. విండోస్ మీట, పి మీట కలిపి నొక్కి, ఎక్స్‌టెండ్ ఎంచుకోమన్నారు. దేని బొమ్మ దానికి వచ్చింది.

ఇంతటితో తీరని ఇండ్లు కూడ ఉంటాయి గనుక ఆయన చెప్పిన మరికొన్ని మాటలు వ్రాయుచున్నాము. ఒక్క తీగకు మోయగల బరువు ఇంతని ఉంటుంది. సాధారణ ఫుల్ హెచ్‌డి తెరకు సెకనుకు సుమారు 3 గిగాబిట్లు కావాలి. 4కె తెరకు దానికి నాలుగింతలు, అనగా సుమారు 12. మామూలు డాక్ రెండు ఫుల్ హెచ్‌డి తెరలను నడిపి, రెండు 4కె తెరల దగ్గర చతికిలబడవచ్చును. అప్పుడు సెట్టింగులలో తెర స్థాయి తగ్గించి చూడాలి. కొన్ని డాక్‌లకు డిస్‌ప్లేలింక్ అనే సాఫ్ట్‌వేరు వేస్తేనే బొమ్మ వస్తుంది. ఆపిల్ ల్యాప్‌టాప్‌లలో ఎం1, ఎం2 మ్యాక్‌బుక్ ఎయిర్‌లు స్వతహాగా ఒక్క బయటి తెరనే నడుపుతాయి. 2024లో వచ్చిన ఎం3 ఎయిర్ మూత మూస్తే రెండింటిని నడుపుతుంది. ఇట్టివి పాడైనందున వచ్చిన లోపములు కావు, వాటి తయారీయే అంత. ఇవి తెలియక డాక్ వెంబడి డాక్ కొన్నా ఫలితముండదు.

తల్లిదండ్రులకు ఒక మాట. ఆఫీసువారు ఇచ్చిన సామాను ఆగిపోతే అప్పుచేసి క్రొత్తది కొనవలదు. పిల్లలను సాంకేతిక విభాగమునకు వెంటనే ఫోను చేయమనండి. సామాను వారిది. ఆఫీసు ల్యాప్‌టాప్‌లో సాఫ్ట్‌వేరు వేయుటకు తరచుగా వారి అనుమతే కావాలి. అడుగుట తప్పు కాదు.

రాత్రి ఎనిమిది గంటలకు పని ముగిసింది. ఆ అబ్బాయి తానే కంచములో అన్నము పెట్టుకొని చెల్లెలి దగ్గరకు వెళ్లాడు. ఏమన్నాడో మేము వినలేదు. ఆమె భోజనము చేసి, కాగితపు ముక్కలు కత్తిరించి, ప్రతి తీగకు పేరు వ్రాసి అంటించింది. లావు తీగమీద “అన్నయ్యది, ఫోనుకు పెట్టకూడదు” అని వ్రాసింది. తల్లి దిద్దులు ఆమె చెవులకే ఉన్నవి.

మీరు కూడ ఈసారి సున్నాలు వేసే ముందు, తీగలు ఊడదీయకముందే, ఆ కాగితపు ముక్కలు అంటించండి.