నొప్పిని గడులుగా పంచే సూది

ఆసిఫాబాద్: సూదీ దారం పట్టుకుని వాకిట్లో కూర్చున్న ఆడమనిషిని చూసి ‘సూది పట్టగలిగినామె కొడవలి పట్టలేదా?’ అనడం మన పల్లెల్లో తేలిక. ఆమె కీళ్లలో, నడుములో, ఎముకల్లో నొప్పి ఏళ్ల తరబడి కాపురం చేస్తున్న సంగతి పైకి కనిపించదు. గాయం ఉండదు, కట్టు ఉండదు, ఒళ్లు ముట్టుకుంటే జ్వరం కూడా ఉండదు. కనిపించని నొప్పికి సాక్ష్యం చెప్పేవారెవరు?

మూడు నెలలు దాటి వదలకుండా ఉన్న నొప్పిని వైద్యులు దీర్ఘకాలిక నొప్పి అంటారు. దెబ్బ తగిలినప్పుడు పుట్టే నొప్పి ‘జాగ్రత్త’ అని చెప్పే కావలివాడి కేక వంటిది. దెబ్బ మానినా కేక ఆగకపోతే అదే ఒక జబ్బు అవుతుంది. అలాంటి నొప్పితో బతుకుతున్నవారు చేయగలిగిన పనులలో క్రాస్ స్టిచ్ కుట్టు ఒకటి. ఇంటూ గుర్తు లాగా రెండు అడ్డ కుట్లు వేసి, గడి తరువాత గడి నింపుతూ పువ్వునో నెమలినో తేల్చే పని ఇది. ఇది నొప్పిని పోగొట్టదు. నొప్పి ఉన్న రోజును మాత్రం గడపనిస్తుంది. ఎలా చేస్తే మేలు, ఎక్కడ ఆగాలి అన్నది తెలిసి ఉండడం అవసరం.

రక్తంలోనే కొడవలి

కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాకు ఈ నొప్పి కొత్త కాదు. గోండు, కొలాం తదితర గిరిజన కుటుంబాలలో సికిల్ సెల్ జబ్బు ఉన్నది. గుండ్రంగా ఉండవలసిన ఎర్ర రక్తకణం ఈ జబ్బులో కొడవలిలాగా వంగి గట్టిపడుతుంది. వంగిన కణాలు సన్నని రక్తనాళాలలో ఇరుక్కుని రక్తాన్ని అడ్డగిస్తాయి. అప్పుడు చేతులలో, కాళ్లలో, నడుములో, ఛాతీలో భరించరాని నొప్పి లేస్తుంది. ‘కొడవలి పట్టలేదా’ అని అడిగేవారికి ఆమె రక్తంలోనే కొడవలి ఉన్నదని తెలియదు.

ఈ జబ్బును 1910లో అమెరికాలోని షికాగో వైద్యుడు జేమ్స్ హెరిక్ మొదట వివరించాడు. మన దేశంలో 1952లో నీలగిరి కొండల గిరిజనులలో గుర్తించారు. ఇది అంటువ్యాధి కాదు, తల్లిదండ్రుల నుంచి బిడ్డకు వచ్చేది. చలి, నీళ్లు సరిగా తాగకపోవడం, ఒళ్లు అలసిపోవడం, జ్వరాలు దీన్ని రెచ్చగొడతాయి. చలికాలంలో రాష్ట్రంలోనే తక్కువ ఉష్ణోగ్రతలు నమోదయ్యే చోట్లలో సిర్పూర్ (యు), తిర్యాణి మండలాలు ఉన్నాయి. ఎండాకాలంలో అదే నేల పెనంలా కాలుతుంది. రెండు కాలాలూ ఈ రోగులకు గండాలే.

సికిల్ సెల్ ఒక్కటే కాదు. 2005 చివర మొదలై 2006లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌ను కుదిపేసిన చికున్ గున్యా జ్వరం తగ్గినా, కీళ్ల నొప్పులు నెలల తరబడి వదలనివారు అనేకులు. వంగి పత్తి ఏరేవారి నడుములు, కరీంనగర్, నిర్మల్ వైపు చాటల ముందు కూర్చుని బీడీలు చుట్టేవారి మెడలు, భుజాలు ఎలా ఉంటాయో ఆ ఇళ్లవారికి వేరే చెప్పనక్కరలేదు.

మనసు మళ్లితే నొప్పి తగ్గుతుందా?

మోకాలికి గడప తగిలితే చేత్తో రుద్దుకుంటాం. నొప్పి కాస్త తగ్గుతుంది. ఎందుకు? కెనడాకు చెందిన రొనాల్డ్ మెల్జాక్, ఇంగ్లండుకు చెందిన పాట్రిక్ వాల్ 1965లో దీనికి ఒక వివరణ ఇచ్చారు. నొప్పి కబురు వెన్నుపాములో ఒక వాకిలి దాటి మెదడుకు చేరుతుంది. స్పర్శ కబుర్లు ఆ వాకిలిని కొంత మూయగలవు. మెదడు కూడా పైనుంచి దాన్ని మూయించగలదు, తెరిపించగలదు. భయం, దిగులు, ఒంటరితనం దాన్ని తెరుస్తాయి. మనసు మరో పనిలో లీనమైతే కొంత మూసుకుంటుంది. ఈ వివరణలో కొన్ని వివరాలను తరువాతి పరిశోధకులు సవరించారు గాని, నొప్పిలో మెదడుకూ పాత్ర ఉన్నదన్న అసలు మాట నిలిచింది.

క్రాస్ స్టిచ్‌లో లెక్క ఉన్నది. ఎర్రవి నాలుగు, పచ్చవి రెండు, ఒకటి వదిలి మళ్లీ మూడు. లెక్క మీద ఉన్న మనసుకు నొప్పి వైపు చూసే తీరిక తగ్గుతుంది. అంతకంటే ముఖ్యం, సాయంత్రానికి కళ్ల ముందు ఒక ఆకో రెక్కో మిగులుతుంది. ‘ఈ రోజు ఏమీ చేయలేదు’ అన్న బాధ నొప్పి కంటే ఎక్కువ కుంగదీస్తుంది కదా!

చెరలో కుట్టిన గుడ్డ

పై దేశాలలోనూ ఈ కుట్టు కష్టకాలంలో అక్కరకు వచ్చింది. మొదటి ప్రపంచయుద్ధంలో గాయపడి వికలాంగులైన సైనికుల కోసం 1918లో ఇంగ్లండులో ఎంబ్రాయిడరీ సంస్థ ఒకటి ఏర్పడింది. యుద్ధంలో చేతులకు గాయమైన నటుడు ఎర్నెస్ట్ థెసిగర్ ఆ పనికి ముందుండి నడిచాడు. మంచం దిగలేని మగవారు సూదులు పట్టుకున్నారు. కుట్టు ఆడవారి పని అని నవ్వేవారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

రెండవ ప్రపంచయుద్ధంలో క్రీట్ ద్వీపంలో 1941లో జర్మన్లకు పట్టుబడిన బ్రిటిషు అధికారి అలెక్సిస్ కస్‌డాగ్లీ ఆ ఏడాది డిసెంబరులో చెరలోనే ఒక క్రాస్ స్టిచ్ గుడ్డ కుట్టాడు. చుట్టూ అంచులో చుక్కలు, గీతలు వేశాడు. అవి అలంకారం అనుకుని జర్మన్లు దాన్ని ప్రదర్శనకు పెట్టారు. నిజానికి ఆ చుక్కలు, గీతలు టెలిగ్రాఫు భాష! అందులో ఉన్నది తమ రాజుకు జై, హిట్లరుకు తిట్టు. కదలలేని మనిషి కూడా సూదితో మాట చెప్పగలడని ఆ గుడ్డ చాటింది.

ముగ్గు వచ్చినవారికి డిజైను వచ్చినట్టే

ఈ కుట్టు పరాయిది కాదు. కర్ణాటకలోని కసూతి కుట్టులో క్రాస్ స్టిచ్‌కు మెంతి గింజను బట్టి ‘మెంతి’ అనే పేరు. అక్కడి ఆడవారు గుడ్డ మీద గీత గీయకుండా దారపు పోగులు లెక్కపెట్టి కుడతారు. మన తండాలలో లంబాడా అక్కచెల్లెళ్ల దుస్తుల మీద కుట్టుపని సంగతి అందరికీ తెలిసిందే.

డిజైను కోసం పుస్తకం కొననక్కరలేదు. చుక్కల ముగ్గు వేయగలిగితే చాలు. గళ్ల కాగితం మీద ఒక్కో గడికి ఒక్కో కుట్టు. రంగుకొక గుర్తు పెట్టుకోవాలి: ఎరుపుకు చుక్క, పసుపుకు అడ్డగీత, ఆకుపచ్చకు సున్నా. నాలుగు వైపులా ఒకే తీరుగా ఉండే డిజైను అయితే పావు భాగం గీస్తే చాలు, మిగతా మూడు భాగాలు అద్దంలో నీడలాగా అదే. మంచంలో పడుకుని కూడా చేయగల పని ఇది. చేతులు సహకరించని రోజు కాగితం మీద గీయవచ్చు, సహకరించిన రోజు కుట్టవచ్చు.

డిజైనుల కోసం దూరం పోనక్కరలేదు. ఫాల్గుణంలో అడవిని నిప్పులా వెలిగించే మోదుగ పువ్వు, ఇప్ప పువ్వు, తునికాకు, దండారి నాడు గుస్సాడీలు తలకెత్తుకునే నెమలి పింఛపు కిరీటం, ఉషేగావ్ ఓజాల ఇత్తడి బొమ్మల గీతలు అన్నీ గళ్లలో ఒదుగుతాయి. జైనూరు మండలం మర్లవాయికి చెందిన కనకరాజుకు 2021లో పద్మశ్రీ తెచ్చిన గుస్సాడీ నాట్యం సూదికి మాత్రం చిక్కదా!

రోజుకు నూరు గడులు

గుడ్డ ఎంపికలో జాగ్రత్త కావాలి. క్రాస్ స్టిచ్ గుడ్డలో అంగుళానికి ఎన్ని గడులో లెక్క ఉంటుంది. 14 గడుల గుడ్డ మీద 70 గడుల వెడల్పు డిజైను 5 అంగుళాలు వస్తుంది. చూపు మందగించినవారు, వేళ్లు వంగనివారు 11 గడుల గుడ్డో, ముతక మ్యాటీ గుడ్డో తీసుకోవడం మేలు. నేర్చుకునేటప్పుడు శుభ్రంగా ఉతికిన గోనెసంచి ముక్క, ఉన్ని దారం చాలు.

గుడ్డను నాలుగు మడతలు వేస్తే నడిమి చుక్క తెలుస్తుంది. అక్కడినుంచే మొదలుపెట్టాలి. దారం ఒక మూర కంటే పొడవు వద్దు, చిక్కు పడుతుంది. లచ్ఛిలోని ఆరు పోగులలో రెండే వాడాలి. ముడి వేయకుండా కొసను వెనుక కుట్ల కింద దూర్చాలి. పైకుట్టు అన్నిటికీ ఒకే వైపు వాలాలి, అప్పుడే పని నునుపుగా కనిపిస్తుంది.

అసలు కిటుకు లెక్కలో ఉన్నది. నొప్పి ఉన్నవారు చేసే పొరపాటు ఒకటే. నొప్పి తగ్గిన రోజున వారం పని ఒక్క రోజే చేయడం, తరువాత నాలుగు రోజులు మంచం పట్టడం. నిదానమే ప్రధానం అని పెద్దలన్నది ఇందుకే. 40 గడుల పొడవు, 40 గడుల వెడల్పు ఉన్న మోదుగ పువ్వు డిజైనులో 1,600 గడులు. దాన్ని పదేసి గడుల చదరాలుగా పెన్సిలుతో విభజిస్తే 16 చదరాలు, చదరానికి 100 కుట్లు. రోజుకు ఒక్క చదరం. ఒళ్లు బాగున్నా ఒక్కటే. బాగాలేకపోతే సగం, అదీ కాకపోతే సున్నా. మధ్యలో సగం రోజులు పోయినా దాదాపు నెల రోజులకు పువ్వు పూర్తవుతుంది. ఆగిన చోట కాగితం మీద గుర్తు పెడితే ఎన్నాళ్లకైనా అక్కడినుంచే అందుకోవచ్చు. కలుపు ఆగితే చేను పాడవుతుంది. కుట్టు ఆగితే ఏమీ పాడవదు. నొప్పి మనిషికి ఇది తగిన పని కావడానికి కారణం అదే.

కూర్చునే తీరు

నేల మీద బాసిపట్టు వేసి గంటలు కూర్చోవద్దు. సికిల్ సెల్ రోగులలో కొందరికి తుంటి ఎముక దెబ్బతింటుంది, వారికి అది మరీ చేటు. వీపుకు ఆనుడు ఉన్న కుర్చీ, పాదాల కింద పీట, మోచేతుల కింద దిండు కావాలి. తల వంచి గుడ్డ దగ్గరకు పోవడం కాదు, గుడ్డనే కళ్ల దగ్గరకు ఎత్తుకోవాలి. కుట్టు చట్రాన్ని గట్టిగా పట్టుకుంటే వేళ్లు బిగుసుకుంటాయి, బల్ల అంచుకు ఆనించి పెట్టాలి. కుడిచేతివారికి ఎడమ వైపునుంచి వెలుతురు పడాలి.

ఇరవై నిమిషాలకోసారి లేచి నాలుగడుగులు వేయాలి. పక్కన నీళ్ల చెంబు ఉండాలి, లేచినప్పుడల్లా తాగాలి. చలికాలంలో భుజాల మీద శాలువా తప్పదు. సూదిలో దారం ఎక్కించడం కష్టమైతే బడికి పోయే పిల్లలచేత పొద్దున్నే అయిదారు సూదులకు ఎక్కించి పెట్టించుకోవచ్చు.

గోరుచుట్టు మీద రోకటి పోటు

ఒక హెచ్చరిక. కుట్టు బాగుంటే నాలుగు డబ్బులు వస్తాయి, రావాలి కూడా. కాని గుత్తేదారు గడువు పెట్టి, ముక్కకింత అని కట్టిస్తే మందులాంటి పని కూడా మరో బీడీల చాట అవుతుంది. పశ్చిమ గోదావరి నరసాపురంలో లేసు అల్లే ఆడవారి బతుకుపై జర్మనీకి చెందిన మరియా మీస్ 1982లో పుస్తకం రాశారు. ఇంట్లో తీరిక వేళ అల్లిక అని పేరు పెట్టి వారి శ్రమకు ఎంత తక్కువ కట్టారో, లాభం ఎవరికి చేరిందో అందులో చూపారు. నొప్పి ఉన్నవారికి అలాంటి గడువుల పని గోరుచుట్టు మీద రోకటి పోటే. అమ్మదలచినవారు ముందు కుట్టి పూర్తయిన వాటినే అమ్మాలి. గడువుకు ఒప్పుకుని తరువాత కుట్టడం వద్దు. మహిళా సంఘాలు ఇలాంటివారి పనిని కలిపి అమ్మిపెడితే దళారి బెడద తప్పుతుంది.

ఆస్పత్రి ముందు, సూది తరువాత

సూది మందుకు బదులు కాదు. సికిల్ సెల్ ఉన్నవారికి ఛాతీ నొప్పి, ఆయాసం, జ్వరం, ఒక వైపు కాలూ చేయీ పడిపోవడం, మాట తడబడడం, కళ్లు బాగా పచ్చబడడం కనిపిస్తే క్షణం ఆలస్యం చేయకుండా ఆస్పత్రికి చేర్చాలి. హైడ్రాక్సీయూరియా మందు చాలామందిలో నొప్పి దాడులను తగ్గిస్తుంది, దాన్ని వైద్యుని సలహాపైనే వాడాలి. సికిల్ సెల్ నిర్మూలనకు కేంద్ర ప్రభుత్వం 2023 జులై 1న ప్రారంభించిన జాతీయ కార్యక్రమంలో తెలంగాణ కూడా ఉన్నది. నలభై ఏళ్ల లోపువారికి రక్తపరీక్షలు చేయడం, 2047 నాటికి జబ్బును తుదముట్టించడం దాని లక్ష్యం. ఆసిఫాబాద్‌లో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాల కూడా మొదలైంది.

పెళ్లికి ముందు జాతకాలు చూసేవారు రక్తపరీక్ష చీటీలు కూడా చూడాలి. జబ్బు లక్షణం మోసే ఇద్దరు పెళ్లాడితే ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు.

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాలలో సికిల్ సెల్ జబ్బు కూడా ఒకటి. అంటే ఆ నొప్పి నటన కాదని దేశపు చట్టమే ఒప్పుకున్నది. ఒప్పుకోవలసినది ఇక ఇంటివారు, ఇరుగుపొరుగువారు. కూలికి పోలేని కోడలు, బడికి పోలేని బిడ్డ వాకిట్లో సూది పట్టుకుని కనిపిస్తే ‘పనిదొంగ’ అనే ముందు ఒక మాట ఆలోచించాలి. ఆమె అడిగేది జాలి కాదు. ఇంత వెలుతురు, వీపుకు ఒక ఆనుడు, చెంబెడు నీళ్లు, సూదిలో దారం ఎక్కించే ఒక చిన్న చేయి.