తగ్గించుకోవాల్సింది ఎవరు?

2025 మే 7న వాటికన్‌లో సిస్టైన్ చాపెల్ తలుపులు మూసేశారు, గుర్తుందా? మనమంతా రీల్స్‌లో పొగగొట్టాన్నే చూస్తూ కూర్చున్నాం. లోపల కొత్త పోప్ కోసం ఓటేసిన 133 మంది కార్డినల్స్‌లో ఒకాయన ఒకప్పుడు మన బద్వేలులో ఫాదర్. ఖాజీపేట నుంచి మైదుకూరు మీదుగా వెళ్తే వచ్చే బద్వేలే!

ఆయన పేరు పూల ఆంథోని. సొంతూరు నంద్యాల జిల్లా చిందుకూరు. పేదరికంతో ఏడో తరగతిలోనే చదువు ఆగిపోతే మిషనరీలు చేరదీశారు. 1992లో కడప మేత్రాసనంలో ఫాదర్ అయ్యారు. 2008లో కర్నూలు బిషప్, 2020లో హైదరాబాద్ ఆర్చిబిషప్, 2022 ఆగస్టు 27న కార్డినల్. తెలుగువాళ్లలో తొలి కార్డినల్ ఆయనే. దేశంలో దళితుల్లోంచి తొలి కార్డినల్ కూడా ఆయనే.

కార్డినల్‌ని 'ఎమినెన్స్' అని పిలవాలి. మన భాషలో మహాఘనులన్నమాట. ఆ బిరుదు కన్నా 'సేవకుడు' అన్న మాటే పైకి రావాలని 2024లో పోప్ ఫ్రాన్సిస్ కొత్త కార్డినల్స్‌కి లేఖ రాశారు. మంచి మాటే. మన దగ్గర ఫ్లెక్సీల మీద పేరుకు ముందు నాలుగు బిరుదులు తగిలించుకునే అయ్యగార్లకి కూడా ఆ లేఖ ఎవరైనా వాట్సాప్ చేస్తే బాగుండు.

కానీ ఇక్కడో తిరకాసు ఉంది. 'తగ్గించుకో' అనే ప్రసంగం ఎక్కువగా వినేది ఇప్పటికే తల వంచుకుని ఉన్నవాళ్లే. తరతరాలుగా కింద కూర్చోబెట్టిన ఇంట్లోంచి ఒకరు పెద్ద కుర్చీ ఎక్కితే అది గర్వం ఎలా అవుతుంది?

ఆ కుర్చీ దక్కినా కులం వదలదు. 2016 ఏప్రిల్‌లో అప్పటి కడప బిషప్ గల్లెల ప్రసాద్‌ని కిడ్నాప్ చేసి, కళ్లకు గంతలు కట్టి కొట్టారు. ఆయన దళితుడు. అరెస్టయినవాళ్లలో ఫాదర్లూ ఉన్నారు! దీని వెనక కులమే ఉందని చర్చివాళ్లే బయటికి చెప్పారు. అదే ఏడాది డిసెంబర్‌లో, చర్చిలో దళితుల మీద వివక్ష ఉందని దేశంలోని కేథలిక్ బిషప్పుల సమాఖ్య కూడా ఒప్పుకుంది.

ఇదేం కొత్త గొడవ కాదు. 1912లో దోర్నకల్‌లో ఆంగ్లికన్ చర్చికి తొలి భారతీయ బిషప్ అయిన వి.ఎస్. అజరయ్య అంతకు రెండేళ్ల ముందే ఎడిన్‌బరో సభలో తెల్ల మిషనరీల ముఖాన అడిగారు: మీ త్యాగాలు సరే, మమ్మల్ని స్నేహితుల్లా చూడరేం అని. తగ్గాల్సింది ఎవరో ఆయన అప్పుడే చూపించారు.

2013లో పోప్ అయిన కొత్తలో ఫ్రాన్సిస్ పవిత్ర గురువారం నాడు రోమ్‌లోని బాలనేరస్తుల జైలుకి వెళ్లి ఖైదీల కాళ్లు కడిగారు. వాళ్లలో అమ్మాయిలున్నారు, ముస్లింలూ ఉన్నారు. కాళ్లు కడిగే ఆరాధన మన ఊళ్ల చర్చిల్లోనూ ఏటా జరుగుతుంది. ఈసారి వెళ్తే ఒకటి గమనించండి. ముందు వరసలో కూర్చున్న ఆ పన్నెండు మంది ఏ వీధివాళ్లు?