సమాధుల తోటలో వేకువ వెలుగు
ఆర్భాటాల నడుమ ఈస్టర్ పరమార్థం

ఇంకా తెల్లవారదు. కోడి కూసే వేళకే గుంటూరు, పల్నాడు ప్రాంతాల్లోని పలు గ్రామాల్లో ఊరి చివరి సమాధుల తోట వైపు కొవ్వొత్తుల వెలుగులు బారులు తీరుతాయి. తెల్లచీరలు కట్టిన ఆడవారి చేతుల్లో పూల బుట్టలు, తల్లుల చంకల్లో నిద్రమత్తు వీడని పసివారు, వెనుక పాటలు పాడుతూ యువకులు. ఏడాది పొడుగునా ఎవరూ తొంగిచూడని ఆ చోటు ఆ ఒక్క వేకువన తిరునాళ్ళను తలపిస్తుంది. అది ఈస్టర్ పండుగ.

సిలువ మరణం పొందిన ఏసుక్రీస్తు మూడవ దినాన సమాధి గెలిచి లేచాడన్నది క్రైస్తవుల విశ్వాసం. ఆదివారం తెల్లవారుజామున సమాధి వద్దకు మొదట వెళ్ళింది స్త్రీలేనని నాలుగు సువార్తలూ చెబుతున్నాయి. సుగంధ ద్రవ్యాలతో వెళ్ళినవారికి ఖాళీ సమాధి కనిపించింది. వేకువనే సమాధుల తోటకు వెళ్ళే ఆనవాయితీకి ఆధారం ఈ ఘట్టమే. పోయినవారిని తలచుకుని కంటతడి పెట్టడం, వారు మళ్ళీ లేస్తారన్న నమ్మకంతో ఆ కన్నీరు తుడుచుకోవడం, రెండూ ఒకేచోట జరిగే పండుగ ఇది.

మార్చి 21న గాని ఆ తరువాత గాని వచ్చే తొలి పున్నమి దాటాక వచ్చే ఆదివారం ఈస్టర్. అందువల్ల తేదీ ఏటా మారుతుంది. 2024లో మార్చి 31న వస్తే, 2025లో ఏప్రిల్ 20న వచ్చింది. మన ప్రాంతంలో అది మిరప కోతల కాలం. కూలికి పోయిన ఆడవారు పొద్దుగూకేదాకా కాయలు కోసి, ఘాటుకు మండే చేతులతోనే పండుగ పనులకు పూనుకుంటారు.

సున్నం నుంచి పాలరాతి దాకా

పండుగకు రెండు మూడు రోజుల ముందునుంచే తోటలో సందడి మొదలవుతుంది. ముళ్ళకంపలు నరకడం, కూలిన గట్టు సరిచేయడం, సమాధికి సున్నం వేయడం, సిలువపై చెరిగిన పేరు మళ్ళీ రాయించడం ఇంటిల్లిపాది పని. హైదరాబాదులోనో, మరెక్కడో బతుకుతున్న కొడుకులు, కూతుళ్ళు ఈ ఒక్క పండుగకైనా ఊరు చేరాలని ఆరాటపడతారు.

అయితే కాలంతోపాటు ఆర్భాటమూ పెరుగుతున్నది. బంతి, చామంతి దండలతో సరిపోయేచోట గులాబీలు, లిల్లీలు వచ్చాయి. సున్నం పోయి రంగులు, రంగులు పోయి పాలరాయి వచ్చాయి. పక్క సమాధికి పందిరి వేస్తే మన సమాధికి దీపాల తోరణం కట్టాలన్న పోటీ కొన్నిచోట్ల కనిపిస్తున్నది. పోయినవారి మీద ప్రేమకు ఖర్చు కొలబద్ద కావడంతో, అప్పు చేసైనా నలుగురిలో తలవంపు లేకుండా చూసుకోవాలని పేదలు తంటాలు పడుతున్నారు. తీరా పండుగ వెళ్ళిన నెలకే తోటలో మళ్ళీ పిచ్చిమొక్కలు మొలుస్తాయి.

గుడ్డు, కుందేలు కథ

ఈ చిక్కు మనకే వచ్చింది కాదు. పండుగను ఆచారాలు కమ్మేయడం పాశ్చాత్య దేశాల్లో ఎప్పటినుంచో ఉన్నదే. మధ్యయుగాల్లో ఐరోపాలో ఈస్టరుకు ముందు నలభై దినాల ఉపవాస కాలంలో మాంసంతోపాటు గుడ్లు కూడా నిషిద్ధం. కోళ్ళు మాత్రం గుడ్లు పెట్టడం మానవు కదా! నిలవపడ్డ గుడ్లను ఉడికించి, రంగులు పూసి పండుగనాడు పంచుకునేవారు. ఇంగ్లండు రాజు మొదటి ఎడ్వర్డు 1290లో ఈస్టరుకు 450 గుడ్లు కొన్నట్లు రాజగృహం లెక్కల్లో ఉంది. తూర్పు దేశాల సంఘాల్లో గుడ్డుకు ఎర్రరంగు వేసి క్రీస్తు రక్తానికి గుర్తుగా భావిస్తారు. పగిలిన పెంకును తెరుచుకున్న సమాధితో పోలుస్తారు.

కుందేలుకు మాత్రం బైబిలుతో ఏ సంబంధమూ లేదు. కుందేలు గుడ్లు తెచ్చి తోటలో దాస్తుందన్న పిల్లల నమ్మకాన్ని జర్మన్ వైద్యుడొకరు 1682లో గ్రంథస్థం చేశారు. అమెరికాలోని పెన్సిల్వేనియాకు వలసపోయిన జర్మన్లు ఆ కుందేలును వెంట తీసుకువెళ్ళారు. 1873లో ఇంగ్లండులోని ఫ్రై కంపెనీ, 1875లో క్యాడ్బరీ కంపెనీ చాక్లెట్ గుడ్లు తయారు చేశాక అది పెద్ద వ్యాపారమైంది. పండుగ అంటే చాక్లెట్టేనని పిల్లలు అనుకుంటున్నారన్న బాధ అక్కడి చర్చి పెద్దలకు నేటికీ ఉంది.

ఇక్కడొక విశేషం చెప్పుకోవాలి. 1842 జూలై 31న గుంటూరు చేరి లూథరన్ మిషన్‌కు పునాది వేసిన ఫాదర్ హయ్యర్ జర్మనీలో పుట్టి అమెరికా వెళ్ళినవారే. ఆయనను పంపింది పెన్సిల్వేనియా లూథరన్ సంఘమే. తరువాత ఆయన పల్నాటి గురజాలలోనూ పనిచేశారు. కుందేలును మోసుకెళ్ళిన జర్మన్ల గడ్డనుంచే మనకు సువార్త వచ్చింది. కానీ మన పల్లెల్లో నాటుకున్నది కుందేలు కాదు, సమాధి వద్ద కొవ్వొత్తి. గుడ్డు ఆట పట్టణాల్లో కొన్నిచోట్ల ఇటీవల కనిపిస్తున్నా పల్లెకు అది కొత్తే. నలభై రోజులు నీచు ముట్టనివారు పండుగనాడు కోడికూర వండుకోవడమే ఇక్కడి ముచ్చట.

ఏది ఉంచాలి? ఏది మానాలి?

చనిపోయినవారి కోసం ప్రార్థించడం కతోలికుల్లో ఉంది. వారు నవంబరు 2న మృతుల దినం పాటిస్తారు. ప్రొటెస్టెంట్ సంఘాలు దీనిని అంగీకరించవు. అందుకే పోయినవారికి ఇష్టమైన తినుబండారాలు సమాధిపై పెట్టడం, అగరుబత్తులు వెలిగించడం వంటివి చేసినప్పుడు పాస్టర్లు మందలిస్తుంటారు. అయినా తల్లి మనసును, భార్య మనసును ప్రసంగంతో కట్టేయడం సులువు కాదు. పూలు పెట్టవచ్చు, పూజ చేయరాదు; ఏడవవచ్చు, ఆశ వదలరాదు అన్న మధ్యేమార్గమే చాలా సంఘాల్లో నడుస్తున్నది.

ఎవరి సమాధి వారు కాకుండా యువకులంతా కలిసి తోట మొత్తాన్ని శ్రమదానంతో బాగుచేసేచోట పోటీ సగం తగ్గుతుంది. పూలకు పెట్టే దానిలో కొంత ఆ ఏడాది ఇంటి దిక్కును కోల్పోయిన కుటుంబానికి అందిస్తే పండుగ అర్థం మరింత తెలుస్తుంది.

వేకువ ఆరాధనకు ఐరోపాలోనూ పాత ఆనవాయితీ ఉంది. 1732లో జర్మనీలోని హెర్న్‌హూట్ గ్రామంలో మొరేవియన్ సంఘ యువకులు ఈస్టర్ తెల్లవారుజామున శ్మశానానికి వెళ్ళి పాటలు పాడారు. ఆ సంఘం శ్మశానాల్లో ధనికుడికైనా, పేదకైనా నేలమట్టంగా ఒకే తీరు రాయి ఉంటుంది. మరణంలో హెచ్చుతగ్గులు లేవన్నది దాని భావం. పాలరాతికి పోటీపడేవారు ఒక్కసారి ఆలోచించదగిన మాట ఇది.

మన తోటల్లో పాలరాతి సమాధుల వెనుక పేరు లేని మట్టిదిబ్బలు ఎన్నో ఉంటాయి. అందులో ఎవరున్నారో ఒక్క ముసలితల్లికే గురుతు. ఏ చెట్టుకు ఎన్ని అడుగులో లెక్కపెట్టుకుని ఆమె అక్కడ కూర్చుంటుంది. దిబ్బమీద గుప్పెడు బంతిపూలు చల్లి, ఒక కొవ్వొత్తి నిలబెడుతుంది. గాలికి ఆరిపోతే పక్కవారి దీపం నుంచి మళ్ళీ వెలిగించుకుంటుంది.

తూర్పు తెల్లవారి ఎండ పడేసరికి పాలరాయీ, మట్టిదిబ్బా ఒక్కలాగే వెలుగుతాయి. ఆ వెలుగు కోసమే గదా చీకట్లో లేచి ఇంతమంది వచ్చింది. ఆ సంగతి మరవనంతకాలం పూలు ఎన్ని పెట్టినా, కోడికూర ఎంత వండినా ఈస్టర్‌కు వచ్చే లోటేమీ లేదు.