మూర్ఛ మందులు: ఇంటివారు తెలుసుకోవలసిన విషయాలు

"ఆరు నెలలుగా ఫిట్స్ రాలేదు కదా, ఇంకా మందులెందుకు?" అని చాలామంది బంధువులు అడుగుతుంటారు. ఫిట్స్ రాకుండా కాపాడుతున్నది ఆ మందులే. డాక్టరుకు చెప్పకుండా వాటిని మానేయడం ప్రమాదకరం.

మందులు ఎలా పనిచేస్తాయి?

మన మెదడులోని నాడీకణాలు స్వల్పమైన విద్యుత్ సంకేతాలతో పనిచేస్తాయి. ఈ సంకేతాలు ఒక్కసారిగా అదుపు తప్పినప్పుడు ఫిట్స్ వస్తాయి. గాలి సోకడం వల్ల, శాపం వల్ల మూర్ఛ రాదు. ఇది అంటువ్యాధి కాదు.

ఫెనిటాయిన్, కార్బమజెపిన్ నాడీకణాలలోకి సోడియం చేరే మార్గాలను అదుపు చేస్తాయి. అందువల్ల సంకేతాల జోరు తగ్గుతుంది. ఫినోబార్బిటోన్ మెదడును శాంతపరిచే 'గాబా' అనే రసాయనానికి బలమిస్తుంది. ఒక రకం ఫిట్స్‌ను తగ్గించే మందు మరో రకాన్ని ఎక్కువ చేయవచ్చు. కాబట్టి ఒకరి మందు మరొకరికి ఇవ్వకూడదు.

ఎంతకాలం వాడాలి?

సరైన మందులు క్రమంగా వాడితే 100 మందిలో దాదాపు 70 మంది ఫిట్స్ లేకుండా జీవించగలరు. కనీసం 2 సంవత్సరాలు ఫిట్స్ రాకపోతే, మందు ఆపవచ్చా లేదా అని డాక్టరు ఆలోచిస్తారు. ఆపినా కొన్ని నెలలపాటు కొద్దికొద్దిగా తగ్గిస్తారు. ఒక్కసారిగా మానేస్తే ఆగకుండా ఫిట్స్ వచ్చి ప్రాణాపాయం కలగవచ్చు.

దుష్ఫలితాలు

మొదట్లో మత్తు, తల తిరగడం ఉండవచ్చు. చాలామందిలో ఇవి క్రమంగా తగ్గుతాయి. ఫెనిటాయిన్ వల్ల చిగుళ్లు వాయవచ్చు. రోజూ పళ్లు శుభ్రంగా తోముకోవాలి. వాల్‌ప్రోయేట్ వల్ల బరువు పెరగడం, జుట్టు రాలడం, చేతులు వణకడం జరగవచ్చు. లెవెటిరాసెటామ్ వాడేవారిలో కొందరికి చిరాకు, కోపం ఎక్కువవుతాయి.

ఒంటిపై దద్దుర్లు, నోటిలో పుండ్లు, కళ్లు పచ్చబడటం, ఆగని వాంతులు కనిపిస్తే తర్వాతి మోతాదు వరకు ఆగకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకురండి.

స్త్రీల విషయంలో

వాల్‌ప్రోయేట్ వల్ల గర్భంలోని బిడ్డకు అవయవ లోపాలు, బుద్ధిమాంద్యం కలిగే అవకాశముంది. పెళ్లి కుదిరినప్పుడే, గర్భం రాకముందే డాక్టరుతో మాట్లాడండి. అవసరమైతే మందు మారుస్తారు, ఫోలిక్ యాసిడ్ ఇస్తారు. గర్భం వచ్చిందని తెలియగానే భయపడి మందు ఆపవద్దు. వెంటనే డాక్టరును కలవండి. కొన్ని మూర్ఛ మందులు గర్భనిరోధక మాత్రల శక్తిని తగ్గిస్తాయి.

గుర్తుంచుకోండి

• మందు రోజూ ఒకే వేళకు వేయాలి. ప్రయాణంలో, ఉపవాసం రోజున కూడా మానకూడదు.
• ఒక పూట మరచిపోతే గుర్తు రాగానే వేయండి. తర్వాతి వేళ దగ్గరపడితే రెండు మోతాదులు కలిపి వేయవద్దు.
• మాత్రలు అయిపోవడానికి వారం ముందే తెచ్చుకోండి.
• జ్వరానికి, దగ్గుకు వేరే డాక్టరు దగ్గరకు వెళ్లినా మూర్ఛ మందుల చీటీ చూపించండి.
• ఫిట్స్ వచ్చినప్పుడు పక్కకు తిప్పి పడుకోబెట్టండి. చేతిలో తాళంచెవులు, నోటిలో చెంచా పెట్టవద్దు. 5 నిమిషాలకు మించితే వెంటనే ఆసుపత్రికి తరలించండి.

ఫిట్స్ వచ్చిన తేదీలను ఒక పుస్తకంలో రాసి, వచ్చేటప్పుడు తీసుకురండి. మందు సరిపోతున్నదో లేదో నిర్ణయించడానికి ఆ పుస్తకం డాక్టరుకు ఎంతో ఉపయోగపడుతుంది.