చుక్క చుక్కకీ లెక్క ఉంది!

రక్తదాన శిబిరానికి వెళ్తే ముందు బరువు చూస్తారు. వేలి కొన గుచ్చి హిమోగ్లోబిన్ చూస్తారు. అది 12.5 గ్రాములు లేకపోతే ‘ఈసారికి వద్దండీ, ఆకుకూరలు బాగా తినండి’ అని వెనక్కి పంపేస్తారు. అన్నీ సరిపోతేనే 350 మిల్లీలీటర్లు తీసుకుంటారు. ఆ తర్వాత మగవాళ్లయితే మూడు నెలలు, ఆడవాళ్లయితే నాలుగు నెలలు ఆగాలి. నిక్షేపంలా ఉన్నవాళ్ల విషయంలోనే ఇన్ని జాగ్రత్తలు!

ఇప్పుడు ఇంకో లెక్క చూడండి. ఐసీయూలో ఉన్న రోగుల నుంచి పరీక్షల కోసం ఎంత రక్తం తీస్తున్నారో పశ్చిమ యూరప్‌లో 140కి పైగా ఐసీయూల్లో కొలిచి చూశారు. 2002లో ‘జామా’ వైద్య పత్రికలో వచ్చిన ఆ లెక్క ప్రకారం సగటున రోజుకి 41 మిల్లీలీటర్లు. అంటే ఎనిమిది టీస్పూన్లు. వినడానికి పెద్దగా అనిపించదు. కానీ తొమ్మిది రోజులు గడిచేసరికి ఆ మనిషి ఒక పూర్తి రక్తదానం చేసేసినట్టే. ఆయన బరువు ఎవరూ చూడలేదు, హిమోగ్లోబిన్ చాలదని వెనక్కి పంపనూ లేదు. మూడు నెలల విరామం సంగతి సరేసరి, మర్నాడు పొద్దున్నే మళ్లీ సూది.

నేను డాక్టర్‌ని కాదు. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని. ఈ లెక్కల వెంట పడటానికి కారణం మా పెద్దమ్మ అన్న ఒక్క మాట.

పెద్దమ్మ ప్రశ్న

రెండేళ్ల క్రితం ఎండాకాలంలో మా పెదనాన్నకి న్యుమోనియా ముదిరి, అది రక్తంలోకి పాకి, ఐసీయూలో పెట్టారు. మొత్తం పంతొమ్మిది రోజులు. పదకొండో రోజున ‘హిమోగ్లోబిన్ బాగా పడిపోయింది, రక్తం ఎక్కించాలి, దాతల్ని చూసుకోండి’ అన్నారు. ఎండాకాలంలో దాతలు దొరకడం ఎంత కష్టమో తిరిగినవాళ్లకే తెలుస్తుంది. కాలేజీలకి సెలవులు, శిబిరాలు ఉండవు. ఆఫీసు వాట్సాప్ గ్రూపులన్నిట్లో మెసేజ్ పెట్టి, కజిన్లకి ఫోన్లు చేసి, ఎలాగో ఇద్దర్ని పట్టుకొచ్చాను.

ఆ హడావుడి అయ్యాక పెద్దమ్మ మెల్లగా అంది: “పొద్దున ట్యూబులు, మధ్యాహ్నం ట్యూబులు, రాత్రి ట్యూబులు. రోజూ అంత రక్తం లాగేస్తుంటే మళ్లీ ఎక్కించక ఏం చేస్తార్రా?”

“పెద్దమ్మా, అది కొంచెమే. పెదనాన్న ఒంట్లో నాలుగు లీటర్లకి పైనే ఉంటుంది” అన్నాను. అయినా ఆ మాట బుర్రలో ఉండిపోయింది. డ్యూటీ డాక్టర్ గారిని అడిగితే ఆయన ఓపిగ్గానే చెప్పారు. పెద్ద జబ్బు చేసినప్పుడు ఎముక మజ్జలో ఎర్ర కణాల తయారీ మందగిస్తుంది, ఒంట్లో ఇనుము ఉన్నా వాడుకోలేని పరిస్థితి వస్తుంది, అసలు కారణం అదే అన్నారు. “పరీక్షలకి తీసేది కూడా తోడవుతుంది. కానీ మార్నింగ్ ల్యాబ్స్ రొటీన్ కదా” అని కూడా అన్నారు.

ఆ ‘రొటీన్’ అనే మాట దగ్గరే నా ఆలోచన ఆగిపోయింది.

వందకి 0.7

ఆస్పత్రుల్లో ఈ సంగతి ఎవరికీ తెలియక కాదు. అమెరికాలో 1986లోనే దీనిమీద అధ్యయనం వచ్చింది. ధమనిలో సన్నని గొట్టం, అంటే ఆర్టీరియల్ లైన్, ఉన్న రోగుల నుంచి ఎక్కువ రక్తం తీస్తున్నారని అప్పుడే తేలింది. కారణం చాలా మామూలుది. లైన్ ఉంటే కొత్తగా గుచ్చక్కర్లేదు. కుళాయి తిప్పినంత సులువు. సులువైన పని ఎక్కువసార్లు జరుగుతుంది.

కెనడాలోని టొరంటోలో మామూలు వార్డు రోగుల మీద చేసిన పరిశీలనలో ఇంకో సంగతి బయటపడింది. పరీక్షల కోసం 100 మిల్లీలీటర్లు తీస్తే హిమోగ్లోబిన్ సగటున 0.7 గ్రాములు తగ్గుతోంది. ఈ సంఖ్య ఎందుకు ముఖ్యమంటే, స్థిమితంగా ఉండి రక్తస్రావం లేని రోగికి చాలామంది డాక్టర్లు హిమోగ్లోబిన్ 7 కంటే తగ్గితేనే రక్తం ఎక్కిస్తారు. కెనడాలోనే 1999లో వచ్చిన పెద్ద పరిశోధన తర్వాత ఈ పద్ధతి బలపడింది. ఇప్పుడు ఒక రోగి 7.6 దగ్గర ఉన్నాడనుకోండి. రెండు మూడు రోజుల పరీక్షలకే 100 మిల్లీలీటర్లు పోతే, ఆ సగటు లెక్కన 6.9కి వస్తాడు. గీత దాటాడు. దాతల కోసం ఇంటివాళ్ల ఫోన్లు మొదలు.

రక్తంతో పాటు ఇనుమూ పోతుంది. ఆరోగ్యవంతుడి పేగులే తిండి నుంచి రోజుకి ఒకటి రెండు మిల్లీగ్రాముల ఇనుమే పీల్చుకోగలవు. 350 మిల్లీలీటర్ల రక్తంతో పోయేది నూరు మిల్లీగ్రాములకి పైమాటే. ఐసీయూ నుంచి ఇంటికొచ్చినవాళ్లు నెలల తరబడి ‘నాలుగు మెట్లెక్కితే ఆయాసం’ అంటారు. దానికి కారణాలు చాలా ఉంటాయి గానీ, ఈ రక్తహీనత కూడా అందులో ఒకటి కావచ్చు.

ట్యూబు లాగినంత!

మరి పరీక్షకి నిజంగా ఎంత రక్తం కావాలి? ఇప్పటి యంత్రాలకి చుక్కలు చాలు. రక్తకణాలు లెక్కపెట్టే సీబీసీ యంత్రం ఒక మిల్లీలీటరులో అయిదో వంతు కంటే తక్కువతో పని ముగించేస్తుంది. మిగిలినది కొన్నాళ్లు ఫ్రిజ్‌లో ఉండి, తర్వాత బయోమెడికల్ చెత్తలోకి పోతుంది.

అయినా అంత ఎందుకు తీస్తున్నారు? ఎందుకంటే అంత లాగేది సిస్టర్ కాదు, ట్యూబు. ఆ ట్యూబుల్లో ముందే గాలి తీసేసి ఉంటారు. సూది తగలగానే లోపలి ఖాళీ తనకి కావలసినంత రక్తాన్ని తనే లాక్కుంటుంది. 4 మిల్లీలీటర్ల ట్యూబైతే నాలుగు, 6 మిల్లీలీటర్లదైతే ఆరు.

సగం నింపి ఆపేస్తే సరిపోదా అని నాకూ అనిపించింది. కుదరదు. ట్యూబులో రక్తం గడ్డకట్టకుండా మందు ఉంటుంది. నీలం మూత ట్యూబులో ఒక పాలు మందుకి తొమ్మిది పాళ్ల రక్తం పడాలి. ఆ కొలత తప్పితే రిపోర్టే తప్పుగా వస్తుంది. కాబట్టి పెద్ద ట్యూబుని సగం నింపడం కాదు, ట్యూబునే మార్చాలి.

కెనడాలో సరిగ్గా అదే చేసి చూశారు. 25 ఐసీయూల్లో మామూలు ట్యూబుల స్థానంలో తక్కువ రక్తం లాగే ట్యూబులు పెట్టారు. బయటికి అదే సైజు, అదే యంత్రంలో పడతాయి. లోపల వ్యాక్యూమ్ మాత్రం తక్కువ. అన్ని ఐసీయూలూ ఒకేసారి మారలేదు. లాటరీ తీసినట్టు వరుస నిర్ణయించి, ఒకదాని తర్వాత ఒకటి మార్చారు. మేం కొత్త వెర్షన్‌ని ఒక్కో సర్వర్ మీదకి విడతలుగా పంపినట్టన్నమాట.

2023లో వచ్చిన ఫలితాలు ఉన్నవి ఉన్నట్టు చెప్పుకోవాలి. కోవిడ్ తొలి నెలల రోగుల్ని పక్కనపెట్టి 21,201 మందితో చేసిన ప్రధాన విశ్లేషణలో, ఎక్కించిన రక్తం తగ్గినట్టు కనిపించినా గణాంకాల ప్రకారం గట్టిగా చెప్పేంత తేడా రాలేదు. వాళ్లనీ కలిపి మొత్తం 27,411 మందిని చూస్తే, ప్రతి 100 మంది రోగులకి సుమారు 10 యూనిట్లు తక్కువ పట్టాయి. ఇక ‘రక్తం చాల్లేదు, మళ్లీ పంపండి’ అనాల్సి వచ్చిన శాంపిల్స్ పది వేలకి మూడు మించలేదు. మార్పుకి ముందూ అంతే, తర్వాతా అంతే.

నాకు బాగా నచ్చింది ఈ చివరి సంగతే. ఎవరికీ కొత్తగా శిక్షణ అక్కర్లేదు, గోడల మీద పోస్టర్లు అక్కర్లేదు. అలమరాలో ఉన్న ట్యూబు మారింది, అంతే. మనుషుల్ని ‘గుర్తుపెట్టుకోండి’ అని బతిమాలడం కంటే డిఫాల్ట్ మార్చడం మేలని మా రంగంలో మొదటి ఏడాదే తెలిసొస్తుంది.

‘రోజూ’ అన్నదే అసలు చిక్కు

రెండో డిఫాల్ట్ ఆర్డర్ షీట్ మీద ఉంటుంది. మా దగ్గర ‘పోలింగ్’ అంటారు, ఎన్నికలది కాదు లెండి! ప్రతి అయిదు నిమిషాలకీ సర్వర్‌ని ‘ఏమైనా ఉందా? ఏమైనా ఉందా?’ అని అడుగుతూ పోవడం. ఇంకో పద్ధతిలో, ఏదైనా జరిగినప్పుడే కబురొస్తుంది. ఐసీయూలో రొటీన్ పరీక్షలు మొదటి రకం. తేడా ఏంటంటే, ఇక్కడ అడిగిన ప్రతిసారీ రక్తం ఖర్చవుతుంది.

పెదనాన్న డిశ్చార్జ్ అయ్యాక బిల్లుని ఎక్సెల్‌లో వేసుకుని చూశాను. పంతొమ్మిది రోజుల్లో సీబీసీ పంతొమ్మిది సార్లు. ఆయన లేచి కూర్చుని ఇడ్లీ తిన్న చివరి మూడు రోజుల్లోనూ ఒక్కటి తగ్గలేదు. ఆస్పత్రిని తిట్టడానికి చెప్పట్లేదు, వాళ్లు మనిషిని బతికించారు. కానీ ఆ చివరి పరీక్షల్లో ఏ ప్రశ్నకి జవాబు వెతికారో నాకు కనపడలేదు.

అమెరికాలోని క్రిటికల్ కేర్ సంఘాలు 2014లోనే దీని గురించి చెప్పాయి. రోజూ చేయాలి కాబట్టి పరీక్షలు రాయొద్దు, తేల్చుకోవాల్సిన ప్రశ్న ఉంటేనే రాయండి అని.

ఇంకో చోటా వృథా ఉంది. ఆర్టీరియల్ లైన్‌లో సెలైన్ ఉంటుంది కాబట్టి, శాంపిల్‌కి ముందు వచ్చే కలగలుపు రక్తాన్ని తీసి పారబోస్తారు. ఒక్కోసారి 3 మిల్లీలీటర్లు అనుకున్నా, రోజుకి ఆరుసార్లయితే 18. దాన్ని పారేయకుండా తిరిగి ఒంట్లోకే పంపే క్లోజ్డ్ సిస్టమ్స్ వచ్చాయి.

నెలలు నిండని పసిబిడ్డల వార్డులో మాత్రం ఇవేవీ కొత్త కాదు. కిలో బరువున్న బిడ్డ ఒంట్లో ఉండే రక్తమే 100 మిల్లీలీటర్ల లోపు. అక్కడ చుక్కలు లెక్కపెట్టే తీస్తారు. అదే జాగ్రత్త పెద్దవాళ్ల దగ్గరికి రావాలి.

మనమేం అడగొచ్చు?

ముందుగా ఒక్క మాట. ఐసీయూలో పరీక్షలు ప్రాణం నిలబెడతాయి. పొటాషియం ఎంతుందో, ఆక్సిజన్ ఎలా ఉందో తెలియకుండా వైద్యం జరగదు. కాబట్టి ‘రక్తం తీయొద్దు’ అని అడ్డుపడకండి. యూరప్ లెక్క మన ఆస్పత్రులకి అచ్చంగా సరిపోతుందనీ కాదు, మన దగ్గర 2, 3 మిల్లీలీటర్ల ట్యూబులు వాడేచోట్లూ ఉన్నాయి. అయినా రౌండ్స్‌కి వచ్చిన డాక్టర్ గారిని మర్యాదగా ఈ నాలుగూ అడగడంలో తప్పు లేదు.

• ఈ పరీక్షలన్నీ రోజూ అవసరమా, ఇప్పుడు ఏవైనా తగ్గించొచ్చా?
• పొద్దున తీసిన శాంపిల్ మీదే ఈ కొత్త పరీక్ష చేయించొచ్చా?
• చిన్న ట్యూబులు వాడే వీలుందా?
• ఆర్టీరియల్ లైన్ అవసరం ఇంకా ఉందా?

ముఖ్యంగా సన్నగా ఉన్నవాళ్లు, పెద్ద వయసువాళ్లు, ముందునుంచీ రక్తం తక్కువ ఉన్నవాళ్ల విషయంలో తప్పక అడగండి. 45 కిలోల మనిషి ఒంట్లో ఉండేది సుమారు మూడు లీటర్లే, ట్యూబుకి ఆ సంగతి తెలియదు.

ఇక ఆస్పత్రులకి సాఫ్ట్‌వేర్ రాసే నా తోటివాళ్లకి ఒక మనవి. ఆర్డర్ స్క్రీన్ మీద ‘ప్రతిరోజూ’ అని ఒకసారి టిక్ పెడితే అది డిశ్చార్జ్ దాకా నడుస్తూనే ఉండేలా చేయకండి. రెండు రోజులకి దానంతటదే ఆగిపోవాలి, కావాలంటే డాక్టర్ మళ్లీ పెట్టుకుంటారు. పక్కనే ‘ఈ రోగి నుంచి ఇప్పటిదాకా తీసిన రక్తం: ఇన్ని మిల్లీలీటర్లు’ అని ఒక లైన్ చూపించండి. ట్యూబుల సంఖ్య, సైజు ఎలాగూ సిస్టమ్‌లో ఉంటాయి. కూడి చూపించడానికి ఒక్క పూట పని.