తింటున్నా కండ కరిగిపోతోందా? బరువు పెంచే మందులు ఉన్నాయి.. మరి బలం సంగతేంటి?

క్యాన్సర్, టీబీ లాంటి పెద్ద జబ్బు చేసినవాళ్లను చూసి మదనపల్లె, పుంగనూరు, కుప్పం వైపు 'మనిషి సగమైపోయాడు' అంటుంటారు. సరిగ్గా తినకపోవడం వల్లే అనుకుని ఇంట్లోవాళ్లు బతిమాలి సంగటి ముద్ద పెడతారు. తినలేక పేషెంట్, తినిపించలేక వాళ్లు.. ఇద్దరికీ బాధే. కానీ తప్పు తిండిది మాత్రమే కాదు. జబ్బే కండను కరిగిస్తుంది. డాక్టర్లు దీన్ని క్యాకెక్సియా అంటారు.

అసలేం జరుగుతుంది?

మామూలుగా పస్తులుంటే శరీరం కొవ్వును ఎక్కువగా వాడుకుని, కండను వీలైనంత కాపాడుకుంటుంది. పెద్ద జబ్బులో ఈ లెక్క తప్పుతుంది. ఒంట్లో ఆగకుండా సాగే ఇన్‌ఫ్లమేషన్ వల్ల పుట్టే రసాయనాలు ఆకలిని చంపేస్తాయి, కండలోని ప్రొటీన్‌నూ కరిగిస్తాయి. క్యాన్సర్ పేషెంట్ ఆరు నెలల్లో 5 శాతానికి మించి బరువు తగ్గితే దీన్ని అనుమానించాలి. అంటే 60 కిలోల మనిషి 57 కంటే కిందకు దిగితే చాలు. మంచాన పడేదాకా ఆగాల్సిన పని లేదు.

టీబీకి తెలుగులో ఉన్న 'క్షయ' అన్న పేరుకు అర్థమే తరిగిపోవడం. మదనపల్లె పక్కనే ఆరోగ్యవరంలో 1915లో టీబీ శానిటోరియం మొదలైంది. డెన్మార్క్ డాక్టర్ క్రిస్టియన్ ఫ్రిమోట్ మోలర్ దాని తొలి సారథి. అప్పటికి టీబీని చంపే మందే లేదు. విశ్రాంతి, మంచి గాలి, బలమైన తిండి.. అదే వైద్యం. ఇప్పుడు మందులున్నాయి, అయినా తిండి అవసరం తీరలేదు. జార్ఖండ్‌లో 2,800 మంది టీబీ పేషెంట్లకు మందులతో పాటు పోషకాహారం ఇచ్చి చేసిన రేషన్స్ అధ్యయనం ఫలితాలు 2023లో వచ్చాయి. మొదటి రెండు నెలల్లో 5 శాతం బరువు పెరిగినవాళ్లలో మరణ ముప్పు 61 శాతం తక్కువగా కనిపించింది. నిక్షయ్ పోషణ్ యోజన కింద కేంద్రం ఇచ్చే సాయం కూడా 2024 నవంబరు నుంచి నెలకు రూ.500 నుంచి రూ.1,000కి పెరిగింది.

క్యాన్సర్‌లో ఏ మందు?

ఇక్కడ ఆశ కలిగించిన మాట పుదుచ్చేరి జిప్మర్ నుంచి వచ్చింది. అక్కడి డాక్టర్లు కీమో తీసుకుంటున్న 124 మందిపై ఓలాంజపిన్ అనే పాత మందును పరీక్షించారు. రోజుకు 2.5 మిల్లీగ్రాములు, 12 వారాలు. మాత్ర వాడినవాళ్లలో 60 శాతం మంది బరువు 5 శాతానికి మించి పెరిగింది. ఉత్తుత్తి మాత్ర వాడినవాళ్లలో అది 9 శాతమే. 2023లో అమెరికా క్యాన్సర్ డాక్టర్ల సంఘం ఆస్కో కూడా తన సూచనల్లో దీన్ని చేర్చింది. ఇది మానసిక వ్యాధులకు వాడే మందు కదా అని చీటీ చూసి కంగారుపడేవాళ్లు ఉంటారు. ఆకలి కోసం ఇచ్చేది చాలా చిన్న డోసు. కాకపోతే మగత రావచ్చు.

జపాన్ 2021లో అనమోరెలిన్‌కు అనుమతిచ్చింది. యూరప్ మాత్రం అంతకుముందే 2017లో కాదంది. కారణం ఆలోచించదగ్గదే. పరీక్షల్లో కండ బరువు పెరిగింది, చేతి పట్టు బలం మాత్రం పెరగలేదు. జీడీఎఫ్-15 అనే ప్రొటీన్‌ను అడ్డుకునే పోన్‌సెగ్రొమాబ్ ఇంజెక్షన్ 2024లో 187 మందిపై జరిగిన రెండో దశ పరీక్షలో బరువు పెంచింది. పెద్ద పరీక్షల్లో కూడా నిలబడితేనే దాన్ని నమ్మొచ్చు.

అసలు ప్రమాదం మరొకటుంది. ఆకలి కోసమని డాక్టర్‌ను అడక్కుండా స్టెరాయిడ్ మాత్రలు కొనుక్కోవడం. మొదట్లో బాగా ఆకలేస్తుంది, ముఖం కూడా నిండుతుంది. చూసేవాళ్లకు కోలుకున్నట్టే ఉంటుంది. కానీ ఎక్కువ కాలం వాడితే ఆ మందే కండను తినేస్తుంది. మెజెస్ట్రాల్ కూడా ఆకలి పెంచుతుంది. దాంతో పెరిగేది ఎక్కువగా కొవ్వు, నీరే. పైగా రక్తం గడ్డకట్టే ముప్పు ఉంది.

కండకు మందుతో పాటు పని కూడా కావాలి. డాక్టర్ సరేనంటే కుర్చీలోంచి లేచి కూర్చోవడం, వరండాలో నాలుగడుగులు నడవడం లాంటివైనా చేయించాలి. గుడ్లు, పాలు, పప్పు, శెనక్కాయలు.. ఏదైనా కొద్దికొద్దిగా, ఎక్కువసార్లు పెట్టాలి. ఆసుపత్రికి వెళ్లిన ప్రతిసారీ బరువు తూయించి చీటీ మీద రాయించుకోవాలి. తగ్గుతూ ఉంటే 'ఆకలికి ఏమైనా ఇస్తారా' అని డాక్టర్‌ను పేషెంటే అడగొచ్చు.