పొడి మనదే.. రుచి కొండది!

సునాబెడ తెలుగిళ్లలో టీ తగవు
కొట్టు మార్చినా తీరని తేడా గిన్నెలోనే

సునాబెడ: సాలూరు దాటి సుంకి ఘాట్ ఎక్కే బస్సుల్లో వచ్చే సంచులు విప్పితే ఏముంటాయి? ఆవకాయ సీసా, చింతపండు, వడియాలు.. వాటి పక్కనే అరకిలో టీ పొడి ప్యాకెట్! ఇక్కడ టీ పొడి దొరక్క కాదు. ఏ కిరాణా కొట్టులో చూసినా తోరణాల్లా వేలాడేవి టీ పొడి ప్యాకెట్లే. అయినా 'ఇక్కడి పొడి మన పొడిలా ఉండదు' అన్నది తెలుగిళ్లలో తరచూ వినిపించే మాట. ఇందులో నిజమెంత?

కోరాపుట్ ప్రాంతం 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడేదాకా మద్రాసు ప్రెసిడెన్సీలోని విశాఖపట్నం జిల్లాలో భాగం. 1964లో హెచ్ఏఎల్ ఇక్కడ మిగ్ విమానాల ఇంజిన్ల కర్మాగారం పెట్టాక ఉత్తరాంధ్ర నుంచి రాకపోకలు మరింత పెరిగాయి. చుట్టూ కొండల మీద కాఫీ తోటలున్నా చాలా ఇళ్లలో పొద్దున్నే పొయ్యి మీదకెక్కేది టీయే. ఆ టీ మాత్రం ఎవరింట్లో వారిదే.

పేరొకటి.. కలిపే పాళ్లు వేరు

ప్యాకెట్ టీ అంటే ఒక తోట ఆకు కాదు. వేలంలో కొన్న రకరకాల తేయాకులను పాళ్ల ప్రకారం కలిపి తయారుచేసేది. కోల్‌కతాలో ఈ వేలం 1861 నుంచి ఉంది. గువాహటిలో 1970లో మొదలైంది. దక్షిణాదిన కొచ్చిలో 1947లో, కూనూరులో 1963లో వేలం కేంద్రాలు వచ్చాయి. అస్సాం ఆకుకు చిక్కదనం ఎక్కువ. నీలగిరి ఆకుకు వాసన, తేలికదనం ఎక్కువ.

ఎక్కడి నాలుకకు తగ్గట్టు అక్కడ కలపడం కంపెనీలకు పాత విద్యే. టాటా కంపెనీయే తెలుగు రాష్ట్రాల కోసం జెమినిని అమ్ముతుంది. తమిళనాడు, ఆంధ్రాల్లో చక్ర గోల్డ్ దానిదే. బ్రూక్‌బాండ్ వారి త్రీ రోజెస్ బలమంతా దక్షిణాదిలోనే. రంగు, రుచి, బలం.. ఇవీ ఆ మూడు గులాబీలని ప్రకటనల్లో చెబుతుంటారు. అదే బ్రూక్‌బాండ్ రెడ్ లేబుల్ 1903 నుంచీ దేశంలో ఉంది. కాబట్టి ఊరి పొడి, ఇక్కడి పొడి వేరనడం ఉత్త భ్రమేమీ కాదు.

డస్టా.. పలుకా?

అసలు కిటుకు ఇక్కడుంది. ఇళ్లలో వాడే పొడిలో ఎక్కువ భాగం సీటీసీ రకం. ఆకును నలిపి, చించి, గుండ్రటి పలుకులుగా చుట్టే ఈ పద్ధతి 1930లలో అస్సాంలో పుట్టింది. ఆ పలుకులను జల్లెడ పట్టగా అడుగున మిగిలే సన్నటి పొడే 'డస్ట్'. పేరు చూసి చెత్త అనుకుంటే పొరపాటే. పలుకు ఎంత సన్నగా ఉంటే రంగు, చిక్కదనం అంత తొందరగా దిగుతాయి. తక్కువ పొడితో ఎక్కువ కప్పులొస్తాయి. అందుకే దక్షిణాదిన డస్ట్‌కే గిరాకీ.

జెమిని, చక్ర గోల్డ్ లాంటి డస్ట్ పొడులు రెండు పొంగులకే ముదురు రంగు తేలుస్తాయి. మూడో పొంగు దాటితే నాలుక పట్టేస్తుంది. రెడ్ లేబుల్ పలుకులు నిదానం. కాస్త మరగనిస్తేనే చిక్కదనం. టాటా టీ గోల్డ్‌లో 15 శాతం పొడవాటి ఆకు కలుస్తుంది కనుక వాసన ముందుంటుంది, రంగు వెనకుంటుంది. తాజ్‌మహల్ కూడా వాసన కోరేవారికే. పాలు, పంచదార దండిగా పోసి గంటసేపు మరిగించేవారికి అది దండగ ఖర్చే.

పాలదే పెద్ద వాటా

పొడి ఒకటే తెచ్చుకున్నా రుచి రాలేదంటే పాలకేసి చూడాలి. ఊళ్లో గేదె పాలలో వెన్న 6, 7 శాతం దాకా ఉంటుంది. ప్యాకెట్‌లో వచ్చే టోన్డ్ పాలలో 3 శాతమే. పాలలోని మాంసకృత్తులు టీలోని వగరును పట్టి ఉంచుతాయి. వెన్న నోటికి నునుపునిస్తుంది. పల్చటి పాలతో అదే పొడి వగరుగా తగులుతుంది.

కొండ కూడా తన వంతు చేస్తుంది. సునాబెడ సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంది. విజయనగరంలో దాదాపు 100 డిగ్రీల వద్ద మరిగే నీళ్లు ఇక్కడ 97 డిగ్రీలకే మరుగుతాయి. తేడా చిన్నదే. కానీ పలుకు టీ దిగడానికి ఇంకాస్త సమయం పడుతుంది. మూత పెట్టి ఒకట్రెండు నిమిషాలు ఎక్కువ మరిగిస్తే సరిపోతుంది. ఇంకో చెంచా పొడి అక్కర్లేదు.

వానాకాలం మరో తంటా. టీ పొడి చెమ్మనూ, పక్కనున్న వాసననూ ఇట్టే పీల్చుకుంటుంది. అగరొత్తులు, సబ్బుల పక్కన పెట్టిన ప్యాకెట్ ఏ కంపెనీదైనా ఒక్కటే. ఇంటికి తేగానే బిగుతు మూత డబ్బాలో పోయాల్సిందే.

లూజు పొడితో పైలం

ధర తక్కువని విడి పొడి కొనేవారు ఒక పరీక్ష చేసుకోవచ్చు. ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ చెప్పిన పద్ధతే ఇది. వడపోత కాగితంపై చిటికెడు పొడి చల్లి, నీళ్లు చిలకరించాలి. కాసేపాగి పొడి తీసేసి, కాగితాన్ని కుళాయి కింద కడిగి వెలుతురులో చూడాలి. నలుపు, గోధుమ రంగు మరకలు కనిపిస్తే రంగు కలిసినట్టే. ఇనుప రజను ఉందేమో అయస్కాంతం పట్టి చూస్తే తెలిసిపోతుంది.

రిటైరయ్యాక మళ్లీ మొదలు

ఈ తగవుకు రెండో అంకం ఉంది. ఇక్కడ పుట్టి పెరిగిన పిల్లలకు ఇంటి టీ అంటే ఈ పలుకు టీయే. ఊరి నుంచి వచ్చిన డస్ట్ వాళ్లకు చేదు. ఉద్యోగ విరమణ చేసి, క్వార్టర్ ఖాళీ చేసి విజయనగరమో విశాఖో చేరే పెద్దలకూ అదే అనుభవం ఎదురుకావచ్చు. చిక్కటి పాలు, తొందరగా దిగే పొడి, చేతికి మాత్రం కొండ మీది కొలత! ముప్పై ఏళ్లు 'మన టీ' కోసం సంచులు మోసినవారు సొంతూళ్లో మొదటి గుక్కకే మొహం చిట్లిస్తే వింతేమీ లేదు. దిగులు పడాల్సిన పని లేదు. చెంచాలో కాస్త పొడి తగ్గించి, ఒక పొంగు ముందే దించితే చాలు.